ఎవర్టన్: ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గెలిచాం సరే, జనవరిలో డబ్బు తియ్యాలా వద్దా?

వైజాగ్_టాఫీ:
అందరూ కాస్త కుదుటపడ్డారు కాబట్టి ఇప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. సోమవారం (2025 నవంబర్ 24) రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మన ఎవర్టన్ 1-0తో గెలిచింది. పది నిమిషాలకే కోల్‌మన్ గాయంతో బయటికెళ్ళిపోయాడు, పదమూడో నిమిషంలో గుయే మన కీన్ మీదే చెయ్యి చేసుకుని రెడ్ కార్డు తెచ్చుకున్నాడు, అయినా సరే డ్యూస్‌బరీ హాల్ ఇద్దర్ని తప్పించి కొట్టిన ఆ ఒక్క గోల్‌ని చివరిదాకా పది మందితో కాపాడుకున్నారు. మన మేనేజర్ మోయెస్ అవతలి టీమ్ మేనేజర్‌గా వెళ్ళి ఆ గ్రౌండ్‌లో గెలవడం ఇదే మొదటిసారి. 12 మ్యాచ్‌లకి 18 పాయింట్లు. రెండు మూడేళ్ళ కింద నవంబర్‌లో మనం ఎక్కడ ఉండేవాళ్ళమో గుర్తు తెచ్చుకుంటే ఇది చిన్న విషయం కాదు.

మ్యాచ్ అయిన దగ్గర్నుంచి మాత్రం మన వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే పాట, జనవరిలో పెద్ద స్ట్రైకర్‌ని కొనాలి, మన ఓనర్లు ఫ్రీడ్‌కిన్ వాళ్ళ దగ్గర డబ్బుంది కదా అని. నాకు ఆ మాట వింటేనే గుండె దడ. డబ్బుంది కదా అనే మాట 2017 ఎండాకాలంలో కూడా అన్నాం. సిగుర్డ్‌సన్ 45 మిలియన్ పౌండ్లు, క్లాసెన్ దాదాపు 24, రూనీ, ముగ్గురూ ఒకే చోట ఆడేవాళ్ళు, లుకాకుని అమ్మేసి అతని జాగాలో సరైన స్ట్రైకర్‌ని మాత్రం తేలేదు. క్లాసెన్‌ని ఏడాది తిరిగేసరికి వెర్డర్ బ్రెమెన్‌కి సగం ధరకి ఇచ్చేశాం. ఆ ఎండాకాలం లెక్క 2023లో పాయింట్ల కోత రూపంలో మన నెత్తిన పడింది అని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే అడుగుతున్నా, జనవరిలో ఖర్చు పెట్టాలా, వద్దా?

కొత్త_బ్లూ:
అన్నా నేను గ్రీలిష్ వచ్చాకే ఫాలో అవుతున్నా, తప్పుగా అనుకోవద్దు. పాయింట్లు కోత అంటే ఏం చేశారు అసలు? మ్యాచ్ ఓడకుండా పాయింట్లు ఎలా పోతాయి? నాకు పీఎస్ఆర్ అని వినబడుతుంటది కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్:
తమ్ముడూ నేను చెప్తా, నా ఉద్యోగమే ఇది.

పీఎస్ఆర్ అనే ప్రీమియర్ లీగ్ రూలు ఏంటంటే ఒక క్లబ్బు మూడేళ్ళు కలిపి 105 మిలియన్ పౌండ్ల కంటే ఎక్కువ నష్టం చూపించకూడదు. అది కూడా ఓనరు తన జేబులోంచి వాటా ధనంగా వేస్తేనే, లేకపోతే పరిమితి 15 మాత్రమే. అకాడమీ, ఆడవాళ్ళ టీమ్, స్టేడియం కట్టడం, ఊళ్ళో చేసే సేవా పనులు, వీటి ఖర్చు నష్టంలో కలపరు. మిగతాది మొత్తం కలుపుతారు. మన 2021-22 వరకు లెక్క తీస్తే విచారణ కమిషన్ తేల్చింది 124.5 మిలియన్లు. అంటే 19.5 దాటాం. 2023 నవంబర్ 17న పది పాయింట్లు కోసేశారు. అప్పట్లో లీగ్ చరిత్రలోనే అంత పెద్ద కోత లేదు. అప్పీల్ చేస్తే 2024 ఫిబ్రవరిలో ఆరుకి తగ్గించారు. అంతటితో అయిపోలేదు, తర్వాతి లెక్కలో 16.6 మిలియన్లు దాటామని ఏప్రిల్‌లో ఇంకో రెండు కోశారు. మొత్తం ఎనిమిది, ఒకే సీజన్‌లో.

ఇప్పుడు ఆటగాడి కొనుగోలు ఎలా రాస్తారో కూడా చూడు, ఇది తెలిస్తే జనవరి సంగతి నీకే అర్థమవుతుంది. 40 మిలియన్లు పెట్టి ఐదేళ్ళ కాంట్రాక్టు మీద ఒకణ్ణి కొన్నామనుకో, పుస్తకంలో ఏడాదికి 8 మిలియన్ల ఖర్చు పడుతుంది, జీతం వేరు. రెండేళ్ళయ్యాక వాడి మీద పుస్తకంలో ఇంకా 24 మిగిలి ఉంటుంది. వాణ్ణి 15కి అమ్మితే చేతికి 15 వచ్చినా పుస్తకంలో 9 మిలియన్ల నష్టం. అదే అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభమే, ఎందుకంటే కొన్న ధర సున్నా. గోర్డన్‌ని 2023 జనవరిలో న్యూకాజిల్‌కి దాదాపు 45 మిలియన్లకి అమ్మేశారు కదా, దాని వెనక ఈ లెక్క కూడా ఉంది. సొంత ఊరి పిల్లల్ని అమ్ముకుంటేనే లెక్క కుదిరే రూలు ఇది. నాకు ఈ రూల్‌లో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

గచ్చిబౌలి_గేట్:
అక్కా మంచిగ చెప్పినవ్. గోర్డన్ పోయినప్పుడు మస్తు మంది వాణ్ణి తిట్టిర్రు, శిక్షణకి రాలేదని, గద్దారని. క్లబ్బుకి డబ్బులు అవసరం ఉండె అన్నది ఎవ్వరు పట్టించుకోలే.

మెర్సీ_ఒడ్డున:
ఆ పది పాయింట్ల రోజు గురించి ఇక్కడ ఉన్నవాడిగా చెప్పాలి. ఆ తర్వాత వచ్చిన హోమ్ మ్యాచ్ యునైటెడ్‌తోనే, మన పాత స్టేడియం గుడిసన్‌లో, 2023 నవంబర్ 26. గేటు దగ్గర గులాబీ రంగు కార్డులు పంచారు, లీగ్ సింహం బొమ్మ వేసి కింద అవినీతి అని రాసి. జట్లు బయటికి రాగానే నాలుగు వైపులా లేచాయి ఆ కార్డులు. నా పక్క సీటులో ఒక పెద్దాయన, ఎప్పుడూ నోరు విప్పడు, ఆయన కూడా ఆ కార్డు రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు, చేతులు వణుకుతున్నాయి. మూడో నిమిషంలోనే గర్నాచో వెనక్కి ఎగిరి కత్తెర కిక్కు కొట్టాడు, 0-3 ఓడిపోయాం. అయినా ఎవరూ లేచి పోలేదు.

నేను అడిగేది ఇదే. 45 పెట్టి సిగుర్డ్‌సన్‌ని కొన్నది ఆ పెద్దాయనా? అప్పటి మేనేజర్ డైచ్ ఆ డబ్బు ఖర్చు పెట్టాడా? ఖర్చు పెట్టినవాళ్ళు ఒకళ్ళు, పాయింట్లు పోయింది ఇంకొకళ్ళవి. పాయింట్లు కోసినప్పుడు అప్పటి ఓనరు మోషిరికి ఏం తగ్గింది?

నెల్లూరు_రెడ్:
యునైటెడ్ అభిమానిని, సోమవారం దెబ్బ ఇంకా తగ్గలేదు కానీ మీ వాళ్ళు ఆడిన తీరుకి దండం పెట్టొచ్చు. ఒక మాట అడగాలని ఉంది. రూల్ తెలిసే దాటారు కదా, మిగతా క్లబ్బులు లెక్కలో ఉండటానికి మంచి ఆటగాళ్ళని అమ్ముకున్నాయి, మీరు అమ్మకుండా ఉండి డివిజన్‌లో మిగిలారు, మరి వాళ్ళకి అన్యాయం కాదా? 2022లో బర్న్‌లీ కింది డివిజన్‌కి దిగిపోయింది, మీరు నిలబడ్డారు.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్:
న్యాయమైన ప్రశ్నే. మేం దాటలేదు అని నేను ఎప్పుడూ అనను, దాటాం. రిచార్లిసన్‌ని 2022 జూన్ 30 లోపల అమ్మి ఉంటే ఆ లెక్క చాలావరకు సరిపోయేది, అమ్మింది జులై 1న, 60 మిలియన్లకి. ఒక్క రోజు తేడా, ఆ డబ్బు తర్వాతి సంవత్సరం ఖాతాలో పడింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్బుకి కూడా ఇదే కథ, బ్రెనన్ జాన్సన్‌ని ఆగి 2023 సెప్టెంబర్‌లో టాటెన్‌హామ్‌కి అమ్మారు, మంచి రేటు వచ్చింది కానీ తేదీ దాటిపోయింది. వాళ్ళు 34.5 మిలియన్లు దాటితే నాలుగు పాయింట్లు కోశారు. మేం 19.5 దాటితే మొదట పది. శిక్షకి కొలబద్ద ముందే రాసిపెట్టి లేదు, కమిషన్‌కి తోచినట్టు జరిగింది. నా అభ్యంతరం అక్కడ, శిక్ష వెయ్యడం మీద కాదు.

వైజాగ్_టాఫీ:
దానికి తోడు మాంచెస్టర్ సిటీ మీద అభియోగాలు పెట్టింది 2023 ఫిబ్రవరిలో. మన కేసు ఆ తర్వాత మొదలై ముగిసి అప్పీల్ కూడా అయిపోయింది. సిటీ కేసు విచారణ ముగిసి ఏడాది కావస్తోంది, తీర్పు ఇంకా రాలేదు. అది పెద్ద కేసు, వంద పైచిలుకు అభియోగాలు, టైమ్ పడుతుంది అన్నది నేను ఒప్పుకుంటా. కానీ ఒక లీగ్‌లో ఒక క్లబ్బుకి ఐదు నెలల్లోపే రెండుసార్లు కోత పడి ఇంకో క్లబ్బు రెండున్నరేళ్ళుగా కప్పులు ఎత్తుతుంటే సామాన్యుడికి నమ్మకం ఎక్కడ నిలుస్తుంది?

చెల్సీ సంగతి చూడండి, రెండు హోటళ్ళని 76.5 మిలియన్లకి సొంత గ్రూపులోనే ఇంకో కంపెనీకి అమ్మి లెక్కలో లాభం చూపించింది, తర్వాత ఆడవాళ్ళ టీమ్‌ని కూడా అలాగే. ప్రీమియర్ లీగ్ రూల్లో అది తప్పు కాదు.

మెర్సీ_ఒడ్డున:
మనం కూడా ఈ ఏడాది ఆడవాళ్ళ టీమ్‌ని ఫ్రీడ్‌కిన్ గ్రూపు కంపెనీకే మార్చాం అన్నది మర్చిపోవద్దు. గుడిసన్ వాళ్ళకి దక్కింది, అది నాకు నిజంగా సంతోషం, ఆ గ్రౌండ్ కూల్చకుండా మిగిలింది. కానీ చెల్సీ చేస్తే ఒకలా, మనం చేస్తే ఒకలా మాట్లాడలేం.

కొత్త_బ్లూ:
సరే అక్కా అర్థమైంది. మరి ఓనరు అంత డబ్బు పెట్టినవాడు ఎందుకు ఆగిపోయాడు? మోషిరి అంటే కోటీశ్వరుడు కదా.

వైజాగ్_టాఫీ:
మోషిరి 2016లో వచ్చాడు, వచ్చిన కొత్తలో 49.9 శాతం. ఆయన పాత వ్యాపార భాగస్వామి ఉస్మానోవ్ కంపెనీ యూఎస్ఎం పేరు మన ట్రైనింగ్ గ్రౌండ్ మీద ఉండేది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్ళింది, మార్చిలో ఆ ఒప్పందాలన్నీ ఆపేశారు. అప్పటికి రేవులో కొత్త స్టేడియం గోడలు లేస్తున్నాయి. అంటే ఖర్చు ఆగదు, వచ్చే డబ్బు ఆగిపోయింది. అక్కడి నుంచి అప్పు మీద అప్పు. 2023 సెప్టెంబర్‌లో 777 పార్ట్‌నర్స్ అనే అమెరికా కంపెనీ కొంటామని వచ్చి దాదాపు 200 మిలియన్లు అప్పుగా ఇస్తూ పోయింది, చివరికి 2024 జూన్‌లో ఆ బేరం చెదిరిపోయింది. ఆ మధ్యలో జీతాలు ఆగుతాయేమో, దివాలా తీసి ఇంకో తొమ్మిది పాయింట్లు పోతాయేమో అని రోజూ భయపడుతూ బతికాం. డిసెంబర్‌లో ఫ్రీడ్‌కిన్ గ్రూపు కొనేదాకా ఊపిరి ఆడలేదు.

1954 నుంచి ఒక్కసారి కూడా పై డివిజన్ నుంచి దిగని క్లబ్బు ఇది. 2022లో ప్యాలెస్ మీద 0-2 నుంచి 3-2, 2023లో చివరి రోజు బోర్న్‌మత్ మీద దుకూరే కొట్టిన గోల్, ఆ రెండూ లేకపోతే మనం ఇవాళ ఎక్కడ ఉండేవాళ్ళమో ఊహించుకోలేను.

గచ్చిబౌలి_గేట్:
అన్నా ఈడ నేను ఒక ముచ్చట చెప్పాలె, మీరంతా రూల్ రూల్ అంటున్నరు, రూల్ ఉంటే క్లబ్బు బతుకుతదా?

మన హైదరాబాద్ ఎఫ్‌సీని యాది చేసుకోండ్రి. 2022 మార్చి 20, గోవాల ఫతోర్డా, కేరళ బ్లాస్టర్స్ మీద. రాహుల్ గోల్ కొట్టి వాళ్ళు ముందుండిరి, 88వ నిమిషంల టవోరా దూరం నుంచి కొట్టిన వాలీ, ఆఖరికి పెనాల్టీలల్ల కట్టిమణి ఆపుడు మీద ఆపుడు, కప్పు మనది. ఒగ్బెచే ఆ సీజన్ 18 గోల్స్. మానోలో మార్కెజ్ చేతిల చిన్న పోరలు ఎట్ల ఎదిగిర్రో కండ్లార చూసినం. తర్వాతి ఏడు లీగ్‌ల రెండో స్థానం. ఇంక ఏడాది తిరిగిందో లేదో జీతాలు అందలేదని ఫారిన్ ప్లేయర్లు పోవుడు మొదలు పెట్టిర్రు, ఫిఫా కొత్తోళ్ళని తీసుకోకుండ బ్యాన్ పెట్టింది, 2023-24ల మొత్తం సీజన్ల ఒక్కటే గెలుపు, ఎనిమిది పాయింట్లు. గచ్చిబౌలి స్టేడియంల ఆ సీజన్ సగం కుర్చీలు కూడ నిండలే, ఉన్నోళ్ళం గొంతు పోయేదాక అరిసినం, ఆడేది ఇరవై ఏండ్ల పోరలు, వాళ్ళ తప్పేముంది.

మన ఇండియన్ సూపర్ లీగ్‌ల జీతాలకి సీలింగ్ ఉండె, 16.5 కోట్లు. ఆ రూల్ మావోళ్ళని కాపాడిందా? లేదు. ఎంత ఖర్చు పెట్టాలె అన్నదానికి రూల్ ఉన్నది, ఆ డబ్బు ఓనరు కాడ నిజంగ ఉన్నదా అని మాత్రం గట్టిగ చూసెటోడు లేడు. ఓనర్లు మారిర్రు, ఈ అక్టోబర్ల క్లబ్బే లేచి ఢిల్లీకి పోయింది, పేరు కూడ మారింది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అంట. మీ ఎవర్టన్‌కి ఎనిమిది పాయింట్లు పోయినయి, మాకు టీమే పోయింది.

వైజాగ్_టాఫీ:
తమ్ముడూ ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. 777 వాళ్ళ బేరం లీగ్ వెంటనే ఒప్పేసుకుని ఉంటే మన గతి కూడా అలాగే అయ్యేదేమో. రూలు ఖర్చుని కొలుస్తుంది, డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో కొలవదు, నువ్వన్న మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

మెర్సీ_ఒడ్డున:
కొత్త రూల్ గురించి ఎవరూ రాయలేదేంటి? మొన్న 21న ఓటింగ్ అయింది కదా, 14 క్లబ్బులు సరే అన్నాయి, 6 వద్దన్నాయి. 2026-27 నుంచి పీఎస్ఆర్ ఉండదు.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్:
అక్కడికే వస్తున్నా. కొత్తదాంట్లో నష్టం లెక్క పోయి జట్టు ఖర్చు లెక్క వస్తుంది. ఆటగాళ్ళ జీతాలు, హెడ్ కోచ్ జీతం, కొనుగోలు ధరలో ఏటా రాసే వాటా, ఏజెంట్ల ఫీజు, ఇవన్నీ కలిపి క్లబ్బు ఫుట్‌బాల్ ఆదాయంలో, దానికి ఆటగాళ్ళ అమ్మకం లాభం కలిపి, 85 శాతం దాటకూడదు. దాటితే మొదట జరిమానా, బాగా దాటితే పాయింట్లు, ఆరు నుంచి మొదలవుతాయి, ఆ పైన దాటిన ప్రతి 6.5 మిలియన్లకి ఒకటి. అంటే శిక్ష ముందే రాసిపెట్టి ఉంది, మనకి అప్పుడు లేనిది అదే. అది నాకు నచ్చింది. పైగా రెండేళ్ళ కిందటి పాపానికి ఇవాళ శిక్ష కాకుండా నడుస్తున్న సీజన్‌లోనే చూస్తారు.

నచ్చనిది కూడా చెప్తా. ఆదాయంలో శాతం అంటే పెద్ద ఆదాయం ఉన్నవాడికి పెద్ద ఖర్చు. 200 మిలియన్ల ఆదాయం ఉన్న క్లబ్బు 170 వరకు పెట్టొచ్చు, 600 ఉన్నది 510 పెట్టొచ్చు. మధ్య తేడా శాతంలో అదే, పౌండ్లలో 340. అట్టడుగు క్లబ్బుకి వచ్చే టీవీ డబ్బుకి ఇన్ని రెట్లు మించకూడదు అనే ఇంకో ప్రతిపాదన కూడా ఓటింగ్‌కి వచ్చింది, అది ఓడిపోయింది. యూరప్ కప్పుల్లో ఆడితే అక్కడి ఫుట్‌బాల్ సంస్థ యూఈఎఫ్ఏ పరిమితి 70 శాతం, అది ఇంకా గట్టిది. మనం యూరప్ కలలు కంటున్నాం కాబట్టి ఆ 70 ముందునుంచే కళ్ళ ముందు పెట్టుకోవాలి.

ఇప్పుడు మన లెక్క. 2023-24లో మన ఆదాయం దాదాపు 187 మిలియన్లు. గుడిసన్‌లో 39 వేల మంది, కొత్త స్టేడియంలో దాదాపు 53 వేలు, ఆ స్టేడియానికి హిల్ డికిన్సన్ కంపెనీ పేరు పెట్టినందుకు వచ్చే డబ్బు అదనం. కాబట్టి ఆదాయం పెరుగుతుంది. ఎండాకాలంలో కాల్వర్ట్-లూయిన్, దుకూరే, యంగ్, వీళ్ళ కాంట్రాక్టులు ముగిసి జీతాల భారం దిగింది. ఆ జాగాలోనే బ్యారీ, డిబ్లింగ్, డ్యూస్‌బరీ హాల్ వచ్చారు. జాగా ఉంది కానీ ఒకే జనవరిలో వాడేసేంత లేదు.

కొత్త_బ్లూ:
మరి స్ట్రైకర్ అక్కా? బ్యారీ లీగ్‌లో ఇంకా ఖాతా తెరవలేదు, బెటో కూడా అంతంత మాత్రమే. గోల్స్ అన్నీ ఎన్డియాయే, గ్రీలిష్, డ్యూస్‌బరీ హాల్ మీదే నడుస్తున్నాయి.

మెర్సీ_ఒడ్డున:
బ్యారీకి టైమ్ ఇవ్వండి అనేది నా మాట. స్టేడియంలో చూస్తే తెలుస్తుంది, టీవీలో తెలియదు, బాల్ లేనప్పుడు ఇద్దరు డిఫెండర్లని లాక్కుని పక్కకి పరిగెత్తుతాడు, ఆ ఖాళీలోకే ఎన్డియాయే వస్తాడు. 23 ఏళ్ళవాడు, స్పెయిన్ నుంచి కొత్తగా వచ్చాడు. నది మీంచి వచ్చే ఆ గాలిలో నిలబడి, మ్యాచ్ అయ్యాక శాండ్‌హిల్స్ స్టేషన్ క్యూలో ఇంకో గంట నిలబడి ఇంటికొచ్చేవాళ్ళం కూడా అతన్ని తిట్టట్లేదు, అతని పేరు పాడుతున్నాం.

నా భయం స్ట్రైకర్ గురించి కాదు, గ్రీలిష్ గురించి. ఆగస్టులో లీగ్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్, అది నిజం. సిటీ నుంచి లోన్, కొనాలంటే 50 మిలియన్లు అని అన్ని పేపర్లూ రాశాయి. ముప్పై దాటాడు. నేను ఆయన్ని ప్రాణంగా చూస్తున్నా, అయినా 50 పెట్టొద్దు అంటాను. సగానికి బేరం ఆడాలి.

గచ్చిబౌలి_గేట్:
అన్నా గ్రీలిష్ లేకపోతే టీమ్ ఏడుంటది? నాలుగేండ్లు ఏడ్చినంక ఇప్పుడు బాల్ కాలుకి తగిలితే జనం లేచి నిలబడే మనిషి ఒక్కడు దొరికిండు. రూల్ ఒప్పుకుంటే పెట్టుడే. ఖర్చు పెట్టుడు పాపం కాదు, లేని పైసలు పెట్టుడు పాపం. ఫ్రీడ్‌కిన్ కాడ ఉన్నయి.

నెల్లూరు_రెడ్:
ముప్పై దాటినవాళ్ళకి పెద్ద జీతం ఇచ్చిన క్లబ్బు అభిమానిగా చెప్తున్నా, మెర్సీ అన్న మాట వినండి. ధర కంటే జీతం చంపుతుంది. వెళ్ళమన్నా వెళ్ళరు, ఆ జీతం ఇంకెవరూ ఇవ్వరు.

వైజాగ్_టాఫీ:
నా మాట సూటిగా చెప్పేస్తా. జనవరిలో రైట్ బ్యాక్ కావాలి, స్ట్రైకర్ కాదు. కోల్‌మన్‌కి 37, మళ్ళీ గాయం. ఓబ్రయన్ సెంటర్ బ్యాక్, ఆ జాగాలో మనస్ఫూర్తిగా ఆడుతున్నాడు గానీ అతని చోటు అది కాదు. ఒక కుర్ర రైట్ బ్యాక్‌ని ఓ మోస్తరు ధరకి తెచ్చుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం బ్రాంత్‌వైట్‌ని అమ్మకూడదు. కార్లైల్ నుంచి మిలియన్ పౌండ్లకి వచ్చినవాడు, ఎంతకి అమ్మినా పుస్తకంలో దాదాపు అంతా లాభమే కనబడుతుంది, అందుకే ప్రతి జూన్‌లో అతని పేరు పేపర్లో వస్తుంది. జనవరిలో తొందరపడి పెద్ద స్ట్రైకర్‌ని కొన్న లెక్క సరిచెయ్యడానికి జూన్‌లో బ్రాంత్‌వైట్‌ని అమ్మాల్సి వస్తే ఆ స్ట్రైకర్ ఎన్ని గోల్స్ కొట్టినా నాకొద్దు.

బెజవాడ_బ్యాలెన్స్‌షీట్:
ఇదే అసలు సంగతి. ఓనానాని 2024లో ఆస్టన్ విల్లాకి 50 మిలియన్లకి అమ్మాం, అది అమ్మబుద్ధయి అమ్మింది కాదు. ఆ జూన్‌లోనే డాబిన్‌ని విల్లాకి పంపి ఇరోగ్‌బునామ్‌ని విల్లా నుంచి తెచ్చుకున్నాం, 30వ తారీకు లోపల ఇద్దరికీ లెక్క కలిసొచ్చేలా. రెండు క్లబ్బులూ కుర్రాళ్ళని మార్చుకున్నాయి. న్యూకాజిల్ కూడా అదే గడువు కోసం ఇలియట్ ఆండర్సన్‌ని ఫారెస్ట్‌కి ఇచ్చేసింది, వాళ్ళ ఊరి కుర్రాడు, ఇవాళ ఇంగ్లండ్‌కి ఆడుతున్నాడు. వాళ్ళ అభిమానులు ఇప్పటికీ ఏడుస్తున్నారు.

కొత్త_బ్లూ:
ఇరోగ్‌బునామ్ అంటే శనివారం గుయే ప్లేస్‌లో ఆడతాడంటున్న అతనేనా?

మెర్సీ_ఒడ్డున:
అతనే. గుయేకి మూడు మ్యాచ్‌ల నిషేధం, కాబట్టి మధ్యలో గార్నర్ పక్కన ఇరోగ్‌బునామ్. కుర్రాడు గట్టివాడు, ట్యాకిల్‌కి వెనకాడడు, కాకపోతే బాల్ వదలడం కాస్త ఆలస్యం చేస్తాడు, న్యూకాజిల్ వాళ్ళు మీద పడి నొక్కుతారు, టొనాలీ, బ్రూనో ఊపిరి తీసుకోనివ్వరు. మోయెస్ డ్యూస్‌బరీ హాల్‌ని ఇంకొంచెం కిందికి దించితే బాగుంటుంది.

గచ్చిబౌలి_గేట్:
డ్యూస్‌బరీని కిందికి దించితే ముంగట గోల్ ఎవడు కొడ్తడన్నా? వాణ్ణి ఆడనే ఉంచాలె. కావాలంటే అల్కరాజ్‌ని తెచ్చి ఆడించుర్రి.

వైజాగ్_టాఫీ:
అల్కరాజ్ అరవై నిమిషాల తర్వాత అయితే నాకు సమ్మతమే. మ్యాచ్ మన టైమ్ శనివారం రాత్రి పదకొండుకి, హోమ్ గేమ్. తమ్ముడూ కొత్త_బ్లూ, నువ్వు ఏ ఊళ్ళో ఉన్నావు? వైజాగ్‌లో అయితే మేం కొందరం కలిసి చూస్తాం, నువ్వూ రా.

కొత్త_బ్లూ:
విజయనగరం అన్నా. రాత్రి బస్సు దొరికితే వస్తా, లేకపోతే ఫోన్‌లో చూస్తా. ఇరోగ్‌బునామ్‌నే ఆడించాలి అని నా ఓటు.